చేప ఒకచోట, పిండి ఒకచోట: నూనెలో పడగానే విడిపోతోంది, తప్పెక్కడ?

పటమట_పావని

మూడోసారీ పోయింది. చేప ముక్కలకి పిండి పట్టించి నూనెలో వేస్తే నిమిషం తిరక్కుండా పిండంతా చొక్కా విప్పినట్టు ఊడొస్తోంది. చివరికి మూకుట్లో ఒక పక్క బోసిగా చేప ముక్కలు, ఇంకో పక్క పిండి తునకలు తేలుతూ కనిపిస్తాయి. ఊడకుండా మిగిలిన రెండు ముక్కలేమో ప్లేట్లో పెట్టిన అయిదు నిమిషాలకే మెత్తబడిపోయాయి.

చేసింది చెప్తా. ముప్పావు కిలో వంజరం, ఆదివారం తెచ్చాం, ముల్లు తీయించి ముక్కలు కొట్టించాను. కడిగి ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద, ఒక నిమ్మకాయ రసం పట్టించి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాను. మైదా, కార్న్‌ఫ్లోర్, ఒక గుడ్డు, నీళ్ళు వేసి గరిటెజారుగా కలిపాను. ముక్కలు అందులో ముంచి వేరుశనగ నూనెలో వేశాను.

మృగశిర కార్తెకి మా ఆడపడుచు వాళ్ళు వస్తున్నారు. అన్నయ్యగారిది వరంగల్, ఆ రోజు చేప ముక్క నోట్లో పడాల్సిందే. పోయినేడు నా ఫ్రై చూసి "అమ్మా పావనీ, ఇది చేపల ఫ్రైనా, చేపా పకోడీ విడివిడిగా పెట్టావా?" అన్నారు. పది రోజులే ఉంది. టెన్షన్‌గా ఉంది.

కృష్ణలంక_కిరణ్

మైదా తీసేసి శనగపిండి వేయండి. అంతే.

రెండోవాయి

శనగపిండి వేస్తే అది చేప బజ్జీ అవుతుంది కిరణ్. ఆవిడ అడిగింది హోటల్లో ఇచ్చే లాంటిది.

కృష్ణలంక_కిరణ్

బజ్జీ అయితే తప్పేంటి? బజ్జీ పిండి మిరపకాయని ఎప్పుడైనా వదిలిందా?

శాకాహారి_సుబ్బు

నాకు సంబంధం లేని విషయం, క్షమించాలి. కానీ అరటికాయ బజ్జీకి కూడా ఇదే గొడవ వస్తుంది. ముక్క తడిగా ఉంటే పిండి పట్టదు. మా అమ్మ ముక్కల్ని పాత పంచె గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ వేసి అద్ది, అప్పుడు ముంచుతుంది.

అరండల్‌పేట_అల్లుడు

సుబ్బు గారు చేపల చర్చలోకి వచ్చారంటే ఏదో జరగబోతోంది. కార్తీక మాసం ఇంకా దూరం ఉందండీ.

బందరు_బాబాయ్

అమ్మాయ్, ముందు ఒక మాట. నువ్వు వంజరం కొన్నది మే నెలలో. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలకీ మోటారు పడవలకీ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా పెడతారు. మా గిలకలదిండి రేవులో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మరి పటమటలో నీకు దొరికిన వంజరం ఎక్కడిది? ఐసులో దాచిందైనా అయ్యుండాలి, పడమటి తీరం నుంచి లారీలో వచ్చిందైనా అయ్యుండాలి. అటు నిషేధం జూన్‌లో గానీ మొదలవ్వదు. గడ్డకట్టి కరిగిన చేప నీరు వదులుతూనే ఉంటుంది. ఆ నీటి మీద నువ్వు పిండి పూస్తున్నావు.

రెండో మాట. అసలు చేపకి పిండెందుకు? మా ఇంట్లో ఎప్పుడూ వేయలేదు. ఉప్పు, పసుపు, కారం, ధనియాల పొడి, కాస్త అల్లంవెల్లుల్లి పట్టించి పెనం మీద రెండు పక్కలా కాల్చుకుంటే చాలు. పిండి వేసేది పాడైన చేపని దాచడానికి. నేను పుట్టి పెరిగింది రేవులో, నాకు చెప్పొద్దు.

విద్యాధరపురం_వీణ

బాబాయ్ గారూ, మొదటి మాటకి దణ్ణం. రెండో మాటకి మాత్రం ఒప్పుకోను. మా పిల్లలు పెనం మీద కాల్చిన ముక్క ముట్టరు. పిండి వేస్తే ప్లేటు ఖాళీ. వాళ్ళ కోసం పాడైన చేప వండుతున్నానా ఏంటి!

బందరు_బాబాయ్

పిల్లలు పిండి తింటున్నారమ్మా, చేప కాదు.

అరండల్‌పేట_అల్లుడు

పిండి మనది కాదంటే మిరపకాయ కూడా మనది కాదు బాబాయ్. దాన్ని తెచ్చింది పోర్చుగీసు వాళ్ళు. జపాన్ వాళ్ళ టెంపురాకి దారి చూపించిందీ వాళ్ళే, 16వ శతాబ్దంలో. కాబట్టి కేసు పెట్టేదుంటే వాళ్ళ మీద పెట్టండి.

బందరు_బాబాయ్

బందరులో పోర్చుగీసు, డచ్చి, ఇంగ్లీషు అందర్నీ చూశాం నాయనా. ఎవరూ మా పులుసుని మార్చలేకపోయారు.

మూకుడు_మాస్టారు

గుంటూరు లాడ్జి సెంటర్ వైపు పదకొండేళ్ళు సాయంత్రం బండి నడిపాను. మొదట బజ్జీలే, తర్వాత చేప, రొయ్య కూడా పెట్టాను. పావని గారు చేసిన తప్పులే మొదటి నెలలో నేనూ చేశాను, పెట్టుబడి పెట్టి మరీ.

ముక్కకీ పిండికీ మధ్య ఒక పొడి పొర ఉండాలండి. గోడకి సున్నం వేసే ముందు ప్రైమర్ కొడతారే, అలాగ. మసాలా పట్టించిన ముక్కని తీసుకుని పొడి కార్న్‌ఫ్లోర్‌లోనో బియ్యప్పిండిలోనో దొర్లించండి. దులపండి, గట్టిగా దులపండి, వదులుగా ఉన్న పిండి మిగిలితే అదే ఊడుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు అలా వదిలేయండి. ముక్క మీది తడిని ఆ పొడి పీల్చుకుని జిగటగా అవుతుంది. వేలు పెడితే అంటుకోవాలి. అప్పుడు జారు పిండిలో ముంచండి.

ముంచిన ముక్కని ఒక క్షణం గిన్నె అంచుకి ఆనించి కారనివ్వండి. నూనెలో పైనుంచి వేయకూడదు. సగం ముక్క నూనెలో దించి, రెండు క్షణాలు పట్టుకుని, మీకు అవతలి వైపుకి వదలండి. నూనె చిందితే అటు చిందుతుంది. తర్వాత ముప్పావు నిమిషం దాకా గరిటె పెట్టకండి. చాలామంది ఇక్కడే కెలుకుతారు. పై పెంకు గట్టిపడక ముందే కెలికితే అదేం చేస్తుంది పాపం, ఊడిపోతుంది.

వాయికి అయిదు ముక్కలు. ఆరో ముక్క కోసం చెయ్యి లేస్తే ఆ చేతిని వెనక్కి కట్టేసుకోండి.

రెండోవాయి

"ఆరో ముక్క కోసం చెయ్యి లేస్తే" 😄 మా ఆయన ఒక్క వాయిలో కిలో వేసేస్తాడు, గ్యాస్ అయిపోతుందని.

పటమట_పావని

మాస్టారూ, నేను తొమ్మిది వేశాను. మూకుడు పెద్దదే కదా అనుకున్నా.

మూకుడు_మాస్టారు

మూకుడు పెద్దదే తల్లీ, మీ పొయ్యి మంట చిన్నది. బండి మీద పొయ్యికీ ఇంటి పొయ్యికీ అదే తేడా. చల్లటి ముక్కలు తొమ్మిది పడగానే నూనె చప్పబడిపోతుంది.

ఫుడ్‌టెక్_బాపట్ల

బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివాను, ఇప్పుడు రొయ్యల ప్రాసెసింగ్‌లో పని. మాస్టారు చెప్పినదానికి వెనక ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే వంట చూసి పొరపాటు పట్టుకోవచ్చు.

నూనె 175 నుంచి 185 డిగ్రీల మధ్య ఉంటే, ముక్క పడగానే పిండిలో ఉన్న నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంది. మనం చూసే బుడగలు అవే. ఆ ఆవిరి బయటికి వస్తున్నంత సేపూ నూనెని లోపలికి రానివ్వదు. ముక్కలు ఎక్కువ వేసి నూనె 150కి పడిపోతే పెంకు గట్టిపడటం ఆలస్యమవుతుంది, పిండి జారిపోతుంది, ముక్క నూనెలో నానుతుంది.

ఊడిపోవడం సంగతి. చేప ఉపరితలం తడిగా ఉంటే ఆ నీరు కూడా ఆవిరవుతుంది. అయితే అది పిండికి లోపల పక్కన పుడుతుంది. బయటికి దారి లేక పిండి పొరని ముక్క మీంచి లేపేస్తుంది. పూరీ పొంగినట్టే. పావని గారి ముక్కల్లో తడి మూడు వైపుల నుంచి వచ్చింది: కరిగిన చేప వదిలే నీరు, ఉప్పు లాగిన నీరు, అల్లంవెల్లుల్లి ముద్దలో నీరు. నిమ్మరసం నాలుగోది. దానిలో పులుపు చేప మాంసాన్ని పైపైన ఉడికించినట్టు తెల్లగా చేసి, అదీ నీరు వదిలేలా చేస్తుంది. నిమ్మ పిండుకునేది తినేటప్పుడు. మసాలా అరగంట చాలు, రెండు గంటలు వద్దు.

సుబ్బు గారు పైన ఒక్క ముక్కలో చెప్పింది ఇదే, ఎవరూ పట్టించుకోలేదు.

శాకాహారి_సుబ్బు

మా అమ్మకి చదివి వినిపించాను. "చేపకి నా పంచె గుడ్డ వాడమన్నావా?" అంది.

కృష్ణలంక_కిరణ్

సరే, పిండి సంగతి తేల్చండి. శనగపిండా, మైదానా?

ఫుడ్‌టెక్_బాపట్ల

దేని పని దానిదే. మైదాలో గ్లూటెన్ ఉంటుంది, పొరని కలిపి పట్టి ఉంచుతుంది, కానీ ఎక్కువ కలిపితే సాగి రొట్టెలా అవుతుంది. అందుకే చల్లటి నీళ్ళు పోసి, ఉండలు కాస్త మిగిలినా ఫర్వాలేదనుకుని ఆపేయాలి. కార్న్‌ఫ్లోర్‌లో గ్లూటెన్ లేదు, పెంకు పలచగా పెళుసుగా వస్తుంది. బియ్యప్పిండి వేస్తే కరకర ఎక్కువ సేపు నిలుస్తుంది. శనగపిండిలో మాంసకృత్తులు ఎక్కువ, తొందరగా ఎర్రబడుతుంది, దానికంటూ ఒక రుచి ఉంది, చేప రుచిని కొంచెం మింగేస్తుంది. నేనైతే రెండు వంతులు కార్న్‌ఫ్లోర్, ఒక వంతు మైదా, ఒక వంతు బియ్యప్పిండి. నీళ్ళ బదులు ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా. అందులో గ్యాస్ వల్ల పెంకు గుల్లగా వస్తుంది.

విద్యాధరపురం_వీణ

సోడా అంటే గోలీసోడానా, వంటసోడానా? మా ఇంట్లో ఒకసారి ఈ తేడా వల్ల పెద్ద ప్రమాదం తప్పింది.

ఫుడ్‌టెక్_బాపట్ల

తాగే సోడా అండి, తీపి లేనిది. వంటసోడా ఎక్కువైతే నల్లగా మాడి సబ్బు రుచి వస్తుంది.

మూకుడు_మాస్టారు

సోడా బాగానే పనిచేస్తుంది గానీ 175, 185 అంటే ఇళ్ళల్లో థర్మామీటర్ ఎవరి దగ్గరుంది? పిండి బొట్టు ఒకటి వేయండి. అడుక్కి వెళ్ళి కూర్చుంటే నూనె కాగలేదు. వేసీ వేయగానే పైన నల్లబడితే ఎక్కువ కాగింది. సగం దాకా మునిగి వెంటనే బుడగలతో లేస్తే అదీ సమయం. నూనె పొగ కక్కితే మంట తగ్గించి కాసేపు ఆగండి.

ఫుడ్‌టెక్_బాపట్ల

ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ మొదటి వాయికి బొట్టు వేసి చూస్తారు, మూడో వాయికి ఎవరూ చూడరు. సమస్య అక్కడే.

మూకుడు_మాస్టారు

అది మాత్రం నిజం. ప్రతి వాయికీ బొట్టు వేయాల్సిందే.

రెండోవాయి

నా పేరు ఊరికే పెట్టుకోలేదు. మొదటి వాయి ఎప్పుడూ మా ఇంట్లో కుక్కకే.

గుంటూరు_గీత

కారం గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? పావని గారు ఏ కారం వాడారో తెలీదు గానీ, తేజ కారం పిండిలో కలిపితే చచ్చినట్టు నల్లబడుతుంది. కారం సన్నటి పొడి, నూనెకి నేరుగా తగిలితే మాడి చేదెక్కుతుంది. కారం, అల్లంవెల్లుల్లి లోపలి మసాలాలోనే ఉండాలి. పైపిండిలో ఉప్పు, చిటికెడు పసుపు, కాస్త మిరియాల పొడి, చేత్తో నలిపిన వాము. అంతే. ఎర్ర రంగు కావాలంటే బ్యాడిగి కారం అర చెంచా, దానికి రంగు ఎక్కువ, మంట తక్కువ.

అరండల్‌పేట_అల్లుడు

మిర్చి యార్డుకి మూడు కిలోమీటర్ల దూరంలో కూర్చుని కర్ణాటక మిరపకాయ కొనమంటున్నారు. ఈ ఊళ్ళో మీకు పెళ్ళి సంబంధాలు రావు.

గుంటూరు_గీత

పెళ్ళై పద్నాలుగేళ్ళైంది, ఆయనకి ఇప్పటికీ తెలీదు 😀 మా ఆవకాయలోనూ సగం అదే. బజారు ఫ్రైలో రంగు పొడి కంటే నయం కదా. కర్ణాటకలో 2024లో చికెన్ కబాబ్, చేపల వంటకాల్లో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధం కూడా పెట్టారు.

కృష్ణలంక_కిరణ్

ఆవకాయలో సగం బ్యాడిగా?! గీత గారూ, ఇది ఇక్కడితో ఆపేద్దాం, ఎవరైనా చదువుతారు.

పటమట_పావని

చేప ఏది తీసుకోవాలో కూడా చెప్పండి. వంజరం వద్దంటే?

బందరు_బాబాయ్

మృగశిర నాటికి ఇంకా నిషేధం ఉంటుంది. సముద్రం చేప మర్చిపో. కొర్రమీను తీసుకో, ప్రాణంతో ఉన్నది దొరుకుతుంది, నీ కళ్ళ ముందే కొడతాడు. నడి ముల్లు తీసేస్తే లోపల సన్న ముళ్ళు పెద్దగా ఉండవు. అది దొరక్కపోతే చెరువు పండుగప్ప. రాగండి, బొచ్చె మాత్రం పిండి ఫ్రైకి వద్దు. కైకలూరు, ఆకివీడు చెరువుల నుంచి వచ్చేవి తాజాగానే ఉంటాయి, కానీ కండలో రెండుగా చీలిన సన్న ముళ్ళు ఉంటాయి. పిండి కప్పేస్తే పైకి కనపడవు. పులుసులో అయితే చూసుకుంటూ తింటాం, ఫ్రై అయితే ఎవడైనా గుటుక్కున కొరుకుతాడు.

మొప్పలు చూడు, ఎర్రగా తడిగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట మిగలకూడదు.

విద్యాధరపురం_వీణ

ఇదేంటి, పిండి వద్దన్న బాబాయ్ గారే పిండి ఫ్రైకి చేప చెప్తున్నారు.

బందరు_బాబాయ్

పిల్ల ఇంటి పరువు సమస్య అమ్మా ఇది.

హాస్టల్_వంటగాడు

ఎయిర్ ఫ్రయర్లో అయ్యే పనికి ఇంత నూనె ఎందుకు?

రెండోవాయి

వచ్చాడు.

హాస్టల్_వంటగాడు

నిజంగా అడుగుతున్నా. నిన్న నేను వేశాను, పిండంతా బుట్టలోంచి కిందికి కారి ట్రేలో దోశ అయింది.

ఫుడ్‌టెక్_బాపట్ల

మీ ప్రశ్నకి జవాబు మీరే చెప్పారు. జారు పిండిని గట్టిపరచాలంటే నాలుగు వైపులా ఒక్కసారిగా వేడి తగలాలి. అది నూనె చేస్తుంది, వేడిగాలి చేయలేదు. ఎయిర్ ఫ్రయర్‌కి పొడి పూత కావాలి: మైదా, తర్వాత గిలక్కొట్టిన గుడ్డు, తర్వాత రొట్టె పొడి, పైన నూనె చిలకరింపు. అది వేరే వంట. బాగుంటుంది, కానీ వేరే వంట.

విద్యాధరపురం_వీణ

రొయ్యల సంగతి నేను చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. ఫ్రైకి 30, 40 కౌంట్ తీసుకోండి, అంటే కిలోకి ముప్పై నుంచి నలభై తూగేవి. 100 కౌంట్ తెస్తే పిండి తప్ప ఏమీ మిగలదు. తల, పెంకు పోతే కిలో కాస్తా సగానికి అటూ ఇటూగా వస్తుంది, లెక్క చూసుకుని కొనండి. వీపు మీద గీత పెట్టి నల్ల నరం లాగేయాలి, అది నరం కాదు, దాని పేగు. కడుపు వైపు అడ్డంగా మూడు చిన్న గాట్లు పెట్టి వేళ్ళతో నొక్కితే నూనెలో ముడుచుకోదు, నిటారుగా నిలుస్తుంది.

తోక ఉంచుకుంటే ఒక జాగ్రత్త. తోక రెక్కల మధ్య నీళ్ళు దాక్కుంటాయి. కొస కత్తిరించి, కత్తి వెనక పక్కతో గీకి ఆ నీళ్ళు తీసేయండి. లేకపోతే నూనెలో ఠప్ మని పేలుతుంది, నా మణికట్టు మీద రెండు మచ్చలున్నాయి. రెండున్నర నిమిషాలు దాటితే రొయ్య రబ్బరే.

అరండల్‌పేట_అల్లుడు

పేలడం అన్నారు కాబట్టి నా కథ వినండి. పెళ్ళైన కొత్తలో, ఇలాగే తొలకరి ముందు, మా మామగారు జనతో, అంటే కడుపులో గుడ్ల సంచితో ఉన్న చేప తెచ్చారు. చేప జన అంటే నాకు ప్రాణం. అత్తయ్యగారు గుడికి వెళ్ళారు కదా, వచ్చేలోపు చేసి మెప్పిద్దామని నేనే పొయ్యి దగ్గరికి వెళ్ళాను. జనని అలాగే, ఆ సంచి మొత్తం, పిండిలో ముంచి కాగిన నూనెలో వేశాను.

పది క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత మొదలైంది. సంక్రాంతికి మిగిలిపోయిన సీమటపాకాయలు ఎవరో మూకుట్లో పోసినట్టు. ఒక్కో గుడ్డూ పేలుతోంది, మొత్తం సంచి గాల్లోకి లేచి మళ్ళీ నూనెలో పడుతోంది. నేను చిల్లుల గరిటెని డాలులా పట్టుకుని (చిల్లులున్నాయని అప్పుడు గుర్తు రాలేదు) పొయ్యి కట్టేయడానికి వెళ్ళాను. మామగారు హాల్లోంచి "ఏంటబ్బాయ్, సినిమా పెట్టావా?" అన్నారు.

వంటింటి సీలింగు మీద ఇప్పటికీ ఒక మచ్చ ఉంది. ఇల్లు రెండుసార్లు వెల్ల వేయించారు. ఆ మచ్చ మాత్రం వదిలేయమన్నారు అత్తయ్యగారు. ఎవరు వచ్చినా చూపిస్తారు. నా పేరు అల్లుడని ఎందుకు పెట్టుకున్నానో ఇప్పుడు అర్థమైందా?

రెండోవాయి

కడుపు చెక్కలైంది. సీలింగు ఫోటో కావాలి.

మూకుడు_మాస్టారు

జనని ముందు ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో ఉడికించి గట్టిపడ్డాక ముక్కలు కోసి వేయించాలి. పచ్చిది నూనెలో వేయకూడదు.

ఇంకోటి, నవ్వుతాలుకి కాదు. మూకుడు సగానికి మించి నూనె పోయకండి. నూనెకి మంట అంటుకుంటే నీళ్ళు పోయకండి, తడిగుడ్డా వేయకండి. పొయ్యి కట్టేసి పెద్ద మూత పెట్టేయండి, అంతే. చల్లారేదాకా మూత ఎత్తకండి.

పటమట_పావని

అంతా రాసుకున్నాను. ఒక్కటి మిగిలింది. వేయించాక మెత్తబడటం ఎందుకు? ఒకదాని మీద ఒకటి వేసి, చల్లారకుండా మూత పెట్టాను.

ఫుడ్‌టెక్_బాపట్ల

మూతే మీ శత్రువు. ముక్క లోపల ఇంకా ఆవిరి పుడుతూనే ఉంటుంది, మూత పెడితే అది నీరై పెంకు మీదే పడుతుంది. అయితే ఎక్కువమందికి తెలియనిది ఇంకోటి ఉంది. నూనెలో ఉన్నంత సేపు కంటే బయటికి తీశాకే ముక్క నూనె ఎక్కువ పీలుస్తుంది. చల్లబడుతున్నప్పుడు లోపలి ఆవిరి సన్నగిల్లి, పైన అంటుకున్న నూనెని లోపలికి లాక్కుంటుంది. కాబట్టి తీయగానే, అదే క్షణంలో, జల్లి గరిటెలో రెండుసార్లు విదిలించండి. పేపర్ మీద పోగేయకండి, కింది పక్క చెమర్చుతుంది. పిండి జల్లెడ బోర్లించి దాని మీద విడివిడిగా పరవండి, కింది నుంచీ గాలి తగలాలి.

గుంటూరు_గీత

జల్లెడ బోర్లించడం! ఇన్నేళ్ళూ తట్టలేదు.

మూకుడు_మాస్టారు

బండి మీద మేం ముందే ముప్పావు వంతు వేయించి పెట్టుకుని, గిరాకీ రాగానే బాగా కాగిన నూనెలో ఇంకో నిమిషం వేసి ఇచ్చేవాళ్ళం. చుట్టాలు వచ్చే రోజుకి అదే చేయండి. మొదటిసారి ఎర్రబడకుండా తీసేయండి, వాళ్ళు విస్తరి ముందు కూర్చున్నాక రెండోసారి వేయండి. రోళ్ళు పగిలే ఎండల్లో మీరూ పొయ్యి ముందు గంట సేపు నిలబడక్కర్లేదు. కానీ సగం వేగినవాటిని ఉదయం నుంచి బయట పెట్టుకోకండి, అరగంట ముందే చేసుకోండి.

కృష్ణలంక_కిరణ్

మిగిలిన నూనె?

ఫుడ్‌టెక్_బాపట్ల

చల్లారాక పలచటి గుడ్డలో వడకట్టి, పిండి రేణువులు లేకుండా చేసి, రెండు మూడు రోజుల్లో మళ్ళీ చేపకే వాడేయండి. నల్లబడినా, నురగ కట్టినా, మునుపటి కంటే ముందే పొగ వచ్చినా పారబోయండి. సింకులో కాదు. హోటళ్ళకైతే 2018 జులై 1 నుంచి నియమమే ఉంది, వేయించే నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పదే పదే కాగి చెడితే పెరిగేవి) 25 శాతం దాటితే వాడకూడదని. ఇంట్లో కొలిచే యంత్రం ఉండదు కాబట్టి కన్నూ ముక్కూ నమ్ముకోవాలి.

పటమట_పావని

ఈరోజు రిహార్సల్ చేశాను. పండుగప్ప అరకిలో. గుడ్డ మీద పరిచి అద్దాను (సుబ్బు గారి అమ్మగారికి చెప్పండి, పాత చున్నీ వాడాను). అరగంట మసాలా. పొడి పిండిలో దొర్లించి, దులిపి, మూడు నిమిషాలు ఆగాను. వేలు పెడితే అంటుకుంది. ముంచి, సగం దించి, అవతలికి వదిలాను. చేతులు వణికాయి గానీ వదిలాను.

ఊడలేదు! ఒక్కటీ ఊడలేదు. రెండో వాయిలో మాత్రం ఆరో ముక్క వేశాను. మాస్టారూ, మన్నించాలి. ఆ వాయి కొంచెం నూనె పీల్చింది.

ఉప్పు తక్కువైంది. పైపిండిలో వేయడం మర్చిపోయాను.

మూకుడు_మాస్టారు

నాకు తెలుసు ఆరోది వేస్తారని.

బందరు_బాబాయ్

మంచిది. ఒక ముక్క పిండి లేకుండా పెనం మీద కూడా కాల్చు. ఏది ముందు అయిపోతుందో చూద్దాం.

పటమట_పావని

నిన్న అయిపోయింది. కొర్రమీను కిలోన్నర, ముందు రోజే చెప్పి ఉంచితే పొద్దున్నే కొట్టించి ఇచ్చాడు. మాస్టారు చెప్పినట్టు రెండుసార్లు వేయించాను. అన్నయ్యగారు మొదటి ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు, గోరుతో పిండిని లాగి చూశారు. రాలేదు. ఏమీ అనకుండా తిన్నారు. తర్వాత ఇంకో ఏడు తిన్నారు, నేను లెక్కపెట్టాను. వెళ్ళేటప్పుడు చెప్పుల దగ్గర "ఉప్పు ఒక్క రవ్వ ఎక్కువైందమ్మా" అన్నారు.

బాబాయ్ గారూ, పెనం మీదవి నాలుగు చేశాను. మా అత్తయ్యగారు నాలుగూ తినేశారు, ఎవరికీ పెట్టలేదు.

బందరు_బాబాయ్

ఇక నేనేమీ మాట్లాడను.

రెండోవాయి

మాట్లాడారు కదా ఇప్పుడే.

పటమట_పావని

ఒక గిన్నెడు జారు పిండి మిగిలింది. ఫ్రిజ్‌లో పెడితే రేపు పనికొస్తుందా?

ఫుడ్‌టెక్_బాపట్ల

చేప ముంచిన పిండి దాచకండి. దాచినా సోడాలో గ్యాస్ పోయి ఉంటుంది. ఇప్పుడే ఉల్లిపాయ తరిగి వేసి పకోడీ వేసేయండి.

అరండల్‌పేట_అల్లుడు

సుబ్బు గారూ, పటమట వెళ్ళండి, ఉల్లిపాయ పకోడీ అట.

శాకాహారి_సుబ్బు

చేప ముంచిన పిండిలో, చేప వేగిన నూనెలో. వద్దులెండి, చున్నీ ఉతికారో లేదో అది చెప్పండి చాలు.